ఆ సినిమాలో అమ్మ ఏమైంది

హిందీ మాట్లాడే ఊళ్ళో ఉన్న మా ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్లో ఒక సినిమాను మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చూడటం అరుదు. షిఫ్టులు అలా ఉండేవి. పొద్దున డ్యూటీ వాళ్ళు మధ్యాహ్నానికి గానీ రారు. మధ్యాహ్నం డ్యూటీ వాళ్ళు ఇంటర్వెల్లోనే లేచి సైకిలెక్కాలి. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని మరీ హాల్లో గుర్రు పెట్టేవాళ్ళు. అందుకని మాకొక పద్ధతి ఉండేది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పాలి. నాలుగు ముక్కల్లో తేల్చేస్తే కుదరదు. పాట ఎక్కడొచ్చిందో, హీరోయిన్ ఏ రంగు చీర కట్టిందో, విలన్ ఎలా తన్నులు తిన్నాడో అన్నీ చెప్పాలి. చివర ముందే చెప్పేసేవాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. మధ్యలో ఒక ముక్క తెలియకపోతే, ఆ ముక్క చూసినవాణ్ణి వెతికి పట్టుకుని కనుక్కొచ్చి పూర్తి చేయాలి. సగం కథ చెప్పి వదిలేయడం అంటే సగం అన్నం పెట్టి విస్తరి లాగేయడమేనని మా నాన్న అనేవాడు.

నాన్న ఈ పనిలో ఘనుడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంటే ఆయన పీట వేసుకుని కూర్చుని కథ చెప్పేవాడు. ఏడవాల్సిన చోట గొంతు మార్చేవాడు. ఆయన చెప్పగా విన్న సినిమాలు కొన్ని తర్వాత టీవీలో చూస్తే ఇంతేనా అనిపించింది.

ఆ నాన్న నాకు పదేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. ఆయన బదులు అమ్మకి ఆస్పత్రిలో వార్డు అటెండెంటు ఉద్యోగం ఇచ్చారు, క్వార్టరు ఉండనిచ్చారు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అదే మాట: 'అదృష్టవంతురాలివమ్మా, ఉద్యోగం దొరికింది.' అదృష్టం అన్న మాటంటే నాకు అప్పుడే విరక్తి పుట్టింది. అంతకు ముందు కూరగాయల బజారుకి కూడా ఒంటరిగా వెళ్ళని మనిషి మా అమ్మ. ఇప్పుడు పరాయివాళ్ళ బెడ్‌పాన్లు ఎత్తి, పక్కలు మార్చి, రోజంతా నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ నిలబడి వండేది. కాళ్ళు వాచిపోయేవి. మేమేం అడిగినా 'ఊఁ' అనేది. స్కూల్లో ఫస్టొచ్చానన్నా ఊఁ, తమ్ముడు మోకాలు చెక్కుకుపోయిందని ఏడ్చినా ఊఁ. నాకు ఒళ్ళు మండేది. ఏం మనిషి ఈమె, రాయా అనుకునేదాన్ని.

అలా ఉండగా ఒకాయన మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. రైల్వే యార్డులో పని. వాళ్ళ అమ్మ చివరి రోజుల్లో మా అమ్మ వార్డులోనే ఉంది. ఆమె పోయాక, 'మా అమ్మకి చివర్లో తల దువ్విన చేతులు మీవి' అని చెప్పడానికి వచ్చాడు. తర్వాత అరటిపళ్ళతో వచ్చాడు. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా వచ్చాడు. నలభై దగ్గర పడ్డ మనిషి, చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు చేస్తూ తన పెళ్ళి మరిచిపోయాడు. తాతల నాడే ఆంధ్రా నుంచి రైల్వేలో చేరి ఇక్కడికి వచ్చిన కుటుంబం. చర్చికి వెళ్ళేవాళ్ళు. మా లైన్లో ఆడవాళ్ళకి ఈ చివరి ముక్క ఒక్కటే చాలు, సాయంత్రాలన్నీ దానితోనే గడిచిపోయేవి.

ఒకరోజు అమ్మ బియ్యం ఏరుతూ, మా ముఖాలు చూడకుండా, ఉన్నమాట చెప్పేసింది.

"ఆ రైల్వే అంకులు నన్ను పెళ్ళాడతానంటన్నారు. మీరు ఊఁ అంటేనే. మీరు కాదంటే నేదు, అంతే."

ఎనిమిదేళ్ళ మా తమ్ముడు 'సోచ్‌కే బతాయేంగే' అన్నాడు. ఆలోచించి చెప్తాడట, పెద్ద ఆఫీసరు. వాడికి తెలుగు కంటే హిందీయే సులువుగా వచ్చేది. నాకూ అంతే, కానీ అమ్మతో మాత్రం తెలుగే. నేను వంటింటి వైపు చూశాను. నాన్న పీట ఇంకా పొయ్యి పక్కనే ఉంది.

అంకులుకి సంగతి అర్థమైంది. పిల్లలు ఒప్పుకోవాలి. పిల్లల్ని ఎలా ఒప్పించాలో పాపం ఆయనకెలా తెలుస్తుంది? చాక్లెట్లు తెచ్చాడు, తిన్నాం. క్యారమ్ బోర్డు తెచ్చాడు, ఆడుకున్నాం. ఊఁ మాత్రం అనలేదు. అప్పుడాయనకి ఎవరో ఫిల్మ్ సొసైటీ పాసులు ఇచ్చారు. క్లబ్బు హాల్లో ఆదివారం పొద్దున స్వీడన్ దేశపు సినిమా. 'పిల్లల కళ్ళతో చూసిన కుటుంబ కథ' అని నోటీసు బోర్డు మీద రాసి ఉందట. మనకి కుటుంబ కథ అంటే ఏమిటి? కాసేపు ఏడుపు, కాసేపు నవ్వు, చివర అందరూ కలిసి నిలబడి ఫోటో. ఆయనా అదే అనుకున్నాడు. ఆ ఆదివారం ప్రార్థన కూడా మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. అమ్మకి మధ్యాహ్నం డ్యూటీ. ఉన్నంతసేపు చూసి వెళ్తానంది.

హాల్లో కూర్చున్నాక తెలిసింది, సినిమా వాళ్ళ భాషలోనే ఉంది, కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు. తమ్ముడికి అంత వేగంగా చదవడం రాదు. అంకులు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. ఇంకేముంది, చదివి చెప్పే పని నా నెత్తిన పడింది. తమ్ముడికి హిందీలో, అమ్మకి తెలుగులో గుసగుసగా చెప్తూ కూర్చున్నాను. అంకులు అటు పక్క నుంచి చెవి ఇటు పెట్టి వింటున్నాడు.

మొదట్లో బాగానే ఉంది. బయటంతా మంచు, లోపల పెద్ద ఇల్లు, దీపాలు, ఇల్లు పట్టనంత మంది చుట్టాలు, ఈ చివర కూర్చున్నవాడికి ఆ చివర కనపడనంత పొడుగాటి భోజనాల బల్ల. అంతమందిలో ఒక అన్నాచెల్లెలూ బల్ల కిందకి దూరి పెద్దవాళ్ళ కాళ్ళు చూస్తుంటారు. మావాడు తెగ నవ్వాడు. అంకులు వాడు నవ్వడం చూసి నవ్వాడు. తర్వాత ఆ పిల్లల నాన్న జబ్బుపడి మంచమెక్కాడు. పోయాడు. నేను చెప్పడం ఆపేశాను. చెప్పనక్కర్లేదు కూడా. మధ్యలో కూర్చున్న అమ్మ మీదుగా మావాడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. అమ్మ తెర వైపు చూడకుండా చీర కొంగు మడతపెడుతూ విప్పుతూ ఉండిపోయింది.

కాసేపటికి ఆ తల్లి జీవితంలోకి ఇంకొక ఆయన వచ్చాడు. నల్ల కోటు, మెత్తని మాట. మతగురువు. ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. అక్కడ ఇంటర్వెల్ ఇచ్చారు. అమ్మ డ్యూటీకి లేచింది. చాన్నాళ్ళకి ఆమె ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది.

"పెళ్ళయిపోనాదా? బాగుంది. పిల్లలకో దిక్కు దొరికింది, పాపం. నానెల్లొస్తాను. మిగిలింది మీరు బాగా సూసి, రేపు నాకు సెప్పాల," అని మా ఇద్దరి తలలూ నిమిరి వెళ్ళిపోయింది.

ఆమె ఖాళీ చేసిన కుర్చీలోకి అంకులు జరిగాడు. ఇప్పుడు మా ఇద్దరి మధ్యలో ఆయన. నేను చెప్పేది మావాడికి చేరాలంటే ఆయన మీదుగానే పోవాలి.

ఇంక ఇంటర్వెల్ తర్వాతి సగం గురించి ఏం చెప్పను. కొత్త ఇంట్లో గోడలు ఖాళీ. మీ బొమ్మలు వద్దు, మీ బట్టలు వద్దు, ఒట్టి చేతులతో రండి అన్నాడు కొత్త నాన్న. కిటికీలకి ఊచలు. ఆ పిల్లాడు ఏదో కల్పించి చెప్పాడని, వాడితోనే తప్పు ఒప్పించి మరీ బెత్తంతో కొట్టాడు. కొట్టేటప్పుడు కూడా మాట మెత్తగానే ఉంది. అదే ఎక్కువ భయమేసింది. మావాడు అంకులు ఒడి మీదుగా నా వైపు వంగి అడిగాడు.

"దీదీ, యే ఆద్మీ కౌన్ హై ఉస్‌కా?"

ఈయన వాడికేమవుతాడని. నేను చెప్పాలి. చదివి చెప్పేదాన్ని నేనే కదా. 'సౌతేలా బాప్' అన్నాను. మారుతండ్రి. చిన్నగానే అన్నాను గానీ ఆ మాట ముందు ఆయన చెవిన పడి తర్వాతే మావాడి దగ్గరికి వెళ్ళింది. కుర్చీ చేతి మీదున్న తన చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

తెర మీద ఆయన మెడలో సిలువ ఉంది. మా పక్కనున్న ఆయన మెడలోనూ ఉంది, చిన్నది, నల్లదారానికి. మావాడు ఒకసారి తెర వంక, ఒకసారి ఈయన మెడ వంక చూడటం మొదలుపెట్టాడు. అంకులు చాలాసేపు కదలకుండా కూర్చుని, చివరికి ఆ సిలువను మెల్లగా చొక్కా లోపలికి తోసేసుకున్నాడు. ప్రార్థన ఎగ్గొట్టి వచ్చినందుకు దేవుడు ఫలితం అక్కడికక్కడే చేతిలో పెట్టాడనుకోవాలి. పోనీ లేచి వెళ్ళిపోదామా అంటే, కథ సగంలో వదిలి వెళ్ళడం మాలో లేదు. ముగ్గురం అలాగే కూర్చున్నాం.

చివరికి ఆ కుటుంబానికి కావాల్సిన ముసలాయన ఒకడు పిల్లల్ని ఆ ఇంట్లోంచి ఉపాయంగా దాటించాడు. ఆ ఇంటికి నిప్పంటుకుంది. నల్ల కోటాయన కాలి పోయాడు. మావాడు చప్పట్లు కొట్టాడు. హాలు మొత్తానికి వాడొక్కడే.

బయటికొచ్చాక అంకులు మాకు జిలేబీ కొనిపెట్టాడు. తాను తినలేదు. స్కూటరు పక్కన నిలబడి, ఎండలో కళ్ళు చికిలించుకుని అడిగాడు.

"ఏమ్మా బేటా, రేపు అమ్మకి ఏం చెప్తారు?"

"సబ్ కుఛ్," అన్నాడు మావాడు, నోటినిండా జిలేబీతో. అంతా.

"అవును, అంతా చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి. నేనేమైనా అనుకుంటానని ఏమీ దాచొద్దు," అన్నాడాయన. మమ్మల్ని ఇంటి దగ్గర దింపి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. వెనకనుంచి చూస్తే మనిషి కుంగినట్టున్నాడు. నాకు జాలేసింది. జాలేసినందుకు చిరాకూ వేసింది.

మర్నాడు స్కూలుకి సెలవు. పొద్దున అమ్మ బకెట్లో వేడినీళ్ళు పోసుకుని, ఉప్పు వేసి, కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చుంది. మావాడు మొదలుపెట్టాడు. నాన్నలాగే గొంతులు మారుస్తూ, లేచి నిలబడి, చీపురు పుల్లతో బెత్తం దెబ్బలు కొట్టి చూపిస్తూ చెప్పాడు. ఖాళీ గోడలు, ఊచల కిటికీలు, తాళాలు, ముసలాయన ఉపాయం, మంటలు. తప్పినవన్నీ నేను అందించాను. బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి. అమ్మ కాళ్ళు తీయలేదు.

అంతా అయ్యాక అడిగింది.

"మరి ఆ తల్లేటయ్యింది?"

మావాడు చీపురు పుల్ల దించి నా వైపు తిరిగాడు.

"ఉంది," అన్నాను నేను.

"ఉందంటే? ఏటి సేసింది? పిల్లోణ్ణి కొడతంటే ఎక్కడుంది? తిందా, తొంగుందా? పిల్లల్ని ఎవలో దాటించీసేరు సరే, మరి అదీ? అదా ఇంట్లోనే ఉండిపోనాదా, కాలిపోనాదా?"

"కాలిపోలేదు. చివర్లో ఉందిలే."

"ఎలాగొచ్చింది?"

"చూళ్ళేదమ్మా," అన్నాడు మావాడు. నిజంగానే చూడలేదు. మేమిద్దరం ఆ పిల్లలతోనే ఉన్నాం, ఆ పిల్లలకి ఏమవుతుందో అనే చూశాం. ఆమె అక్కడెక్కడో ఉండే ఉంటుంది, అమ్మ కదా, ఎక్కడికి పోతుంది.

అమ్మ 'సర్లే' అంది. కాళ్ళు తుడుచుకుంది. బకెట్టు నీళ్ళు పెరట్లో పారబోసి, గిన్నెలు తోమడానికి కూర్చుంది. మారుతండ్రి గురించి ఒక్క ముక్క అడగలేదు. సినిమా చూసినవాళ్ళు ఎవరైనా ఆవిడ తిందా, పడుకుందా అని చూస్తారా? నాకు కోపమొచ్చింది. ఆ కోపంతో గిన్నెలు కడిగి సర్దుతూ ఆమె ముఖం చూశాను. అప్పుడు మాత్రం కోపం నిలవలేదు. మా అమ్మ గురించి ఎవరైనా అడిగితే నేనేం చెప్తాను? ఉంది, అంటాను. పొద్దున లేచేసరికి ఉంటుంది, డ్యూటీకి పోతుంది, వస్తుంది. తిందో లేదో నాకూ తెలియదు.

కథలో ముక్క తప్పింది. పద్ధతి ప్రకారం, చూసినవాణ్ణి పట్టుకుని అడగాలి. ఆ సినిమా చూసినవాళ్ళలో మాకు తెలిసింది ఒక్కడే. ఆయనేమో రావడం మానేశాడు.

చివరికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఆరోజు అమ్మ హాల్లో మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి. అమ్మ డ్యూటీలో ఉందని తెలిసే వచ్చాడని ఇప్పుడనిపిస్తుంది. గేటు అవతలే నిలబడి గొడుగు అందించి వెనక్కి తిరిగాడు.

"అంకుల్, ఆ సినిమాలో అమ్మ ఏమైంది?" అన్నాను.

ఆయన ఆగాడు. "ఏం, నువ్వు చూళ్ళేదా? నువ్వే కదా మాకు చదివి చెప్పేవు."

"చదివిందే చెప్పాను. ఆమె ఎక్కువ మాట్లాడలేదు."

"అవును, మాట్లాడలేదు," అన్నాడు. గేటు మీద చేతులు పెట్టుకుని, ఎప్పుడూ నాలుగు మాటలు కూడా కలిపి మాట్లాడని మనిషి, చాలాసేపు చెప్పాడు. "నాకు అక్షరాలు కనపడవు కదమ్మా, ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ముఖమే చూసేను. పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది ఆవిడకి, తప్పు చేసేనని. ఒకసారి బయటికొచ్చి వాళ్ళవాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకుంది. మళ్ళీ అదే ఇంటికి పోయింది. ఎందుకు? పిల్లలు లోపలున్నారు. కొట్టేరని తెలిసేక గదికి తాళముంటే తలుపు దగ్గర నేల మీద కూచుంది. అప్పటికే కడుపుతో ఉంది. ఆ కడుపు పట్టుకునే మెట్లెక్కేది, దిగేది."

"ఎలా బయటికొచ్చింది?"

"పిల్లల్ని ముసలాయన తెచ్చేడు. ఆవిణ్ణి ఎవరూ తేలేదు బేటా. ఆయన నిద్దట్లో ఉండగా తలుపు తీసుకుని, ఒక్కర్తే నడిచి వచ్చేసింది. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి. గెలిచిన ముఖం కాదది. బాగా అలిసిపోయిన ముఖం." గేటు మీంచి చేతులు తీసి అన్నాడు. "డ్యూటీ దిగేక బస్సు కోసం నిలబడతారే మీ అమ్మగారు, అలా."

వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తానని గానీ, మీరేం అనుకున్నారని గానీ అనలేదు.

మర్నాడు అమ్మకి ఆ తప్పిన ముక్క చెప్పాను. ఉన్నదున్నట్టు, ఆయన చెప్పిన వరసలోనే. ముఖం సంగతి కూడా చెప్పాను. అమ్మ మునక్కాయలు కోస్తోంది. కత్తిపీట మీద చేయి ఆగిపోయింది.

"ఇదంతా ఎవులు సెప్పేరు?"

"అంకుల్."

"ఆ మనిషి కూకున్నంతసేపూ ఆవిణ్ణే సూసేడా?"

"ఊఁ."

అమ్మ కళ్ళలో నీళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుంటే సరిపోలేదు. నాన్న పోయినప్పుడు జనం మధ్య ఏడ్చింది గానీ ఇలా ఏడవడం నేను చూడలేదు. నాకేం చేయాలో తోచక, ఆ రోజుల్లో నాకున్న ఒక్క అధికారాన్నీ వాడేశాను.

"మేం ఊఁ అంటున్నామమ్మా," అన్నాను.

"హా. మగర్ మార్నా నహీ," అన్నాడు మావాడు. కానీ కొట్టకూడదు.

అమ్మ నవ్వలేదు. ముక్కు చీది, కత్తిపీట మడిచి గోడకి ఆనించి, అక్కడే నేల మీద గోడకి చేరబడింది.

"మీరు ఊఁ అన్నారు, బాగుంది. ఆయనా ఊఁ అన్నారు. ఊర్లో ఉన్న మా అక్కా ఊఁ అంది. నన్ను నానే అడగనేదు. అందుకే మీ మీద ఎట్టేసి ఊరుకున్నాను," అంది. "నాకు ఓపిక నేదే అమ్మా. మంచోడే. కానీ ఆయన ఒస్తే ఇంకో కంచం, ఇంకో జత బట్టలు. ఇంకో మనిషికి ఒండి వార్చే ఓపిక నా ఒంట్లో నేదు. ఆయన్తో సెప్పు. ఒండి పెట్టే మనిషయితే రమ్మను. ఒండించుకునే మనిషయితే ఒద్దు."

అలా ఒక ఆడది అనగలదని నాకు తెలియదు. మా లైన్లో ఏ ఇంట్లోనూ మగవాడు పొయ్యి దగ్గరికి కథ చెప్పడానికి తప్ప రాలేదు. ఆ మాట నేనే ఆయనకి చేరవేయాలి. చదివి చెప్పే పని మళ్ళీ నా నెత్తినే పడింది.

నేను కబురు పెడితే తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అంకులు వచ్చి, ఎప్పటిలాగే గేటు అవతల ఆగాడు. అమ్మ పొద్దున డ్యూటీ చేసొచ్చి, ముందు గదిలో చాప మీద ఒరిగింది. ఆయనకి ఏం వినాల్సి వస్తుందో తెలిసినట్టుంది, ముందే తల దించుకున్నాడు. అమ్మ అన్నది అన్నట్టు చెప్పాను. ఒండి పెట్టే మనిషయితే రమ్మంది అంకుల్, ఒండించుకునే మనిషయితే వద్దంది.

ఆయన గేటు పట్టుకుని, నలభై ఏళ్ళ మనిషి, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా, పైకే ఏడ్చేశాడు.

నేను గేటు తీసి, ఆయన చొక్కా చేయి పట్టుకుని లోపలికి లాగాను. "గట్టిగా ఏడవకండి అంకుల్," అన్నాను. "అమ్మ ఇప్పుడే నిద్రపోయింది."